పేర్లు పిలిచే కోటయ్య

మాచర్ల నుంచి నరసరావుపేట పోతున్న పల్లెవెలుగు బస్సు రెంటచింతల దాటి రెండు మైళ్లు వచ్చాక, స్టేజీ కాని చోట ఆగింది. తుమ్మచెట్టు కింద నిలబడ్డ మనిషి చెయ్యి ఎత్తాడే గానీ బస్సు దగ్గరికి నడవలేదు. డ్రైవరే పోనిచ్చి అతని పక్కన ఆపాడు. అతను మొదటి మెట్టు ఎక్కి కమ్మీ పట్టుకుని ఆగాడు. రెండో మెట్టు ఎక్కి మళ్లీ ఆగాడు.

"ఏంది పెద్దాయనా, మెట్టు మెట్టుకీ దణ్ణం పెట్టుకుంటన్నావా?" అన్నాడు కండక్టరు.

"నువ్వూ నా వయసుకి రా అబ్బాయ్, అప్పుడు చెప్తా."

"ఎంతేంది నీ వయసు?"

"నలభై ఆరు."

కండక్టరు టిక్కెట్ల మిషను వంక చూసుకుంటూ ముందుకు పోయాడు.

కిటికీ పక్కన కూర్చున్న చిన్నకోటయ్య సంచి ఒళ్లోకి తీసుకుని చోటిచ్చాడు. అరవై దాటిన మనిషి. ఒంటి మీద నీలం చొక్కా, జేబు మీద వైద్య విశ్వవిద్యాలయం పేరు కుట్టి ఉంది. మాచర్ల చుట్టుపక్కల క్వారీ పేటల్లో ఊపిరి పరీక్షల చీటీలు పంచి తిరిగి పోతున్నాడు. మొన్నటిదాకా సంచి బరువుగా ఉండేది. ఇప్పుడు ఖాళీ సంచి, నిండు మనసు. మూడేళ్ల పని ముగిసింది. పద్నాలుగు పేటలు, ఆరు వందల పదహారు పేర్లు. పిలిచిన పేరు ఒక్కటీ ఖాళీ పోలేదు. పరీక్షలు చేయించిన డాక్టర్ వాసంతి గారు ఆ మాట, ఈ పరిశోధన ఫలితాలు చూసే ఢిల్లీ వాళ్లకి కూడా చెప్పిందట.

పక్కన కూలబడ్డ మనిషికి మాట రావడానికి కాసేపు పట్టింది. వచ్చాక, కోటయ్య మొహంలోకి తేరిపార చూశాడు.

"నువ్వు పేర్లు పిలిచే కోటయ్యవు గదా?"

"అవును. నీదేవూరు?"

"బండపాలెం. నా పేరు బసవపున్నయ్య. నిన్న నువ్విచ్చిన చీటీ మా ఆడమనిషి తీసుకుంది." జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "ఇది చూపిస్తే మీ ఆస్పత్రిలో లైనులో నిలబెట్టకుండా చూస్తారంట గదా? నిలబడలేను బావా నేను."

కోటయ్య కాగితం విప్పాడు. చదువు పెద్దగా లేకపోయినా ఆ చీటీలో ఏ గడిలో ఏముంటుందో అతనికి కంఠతా వచ్చు. కొండలాగా లేచి నున్నగా దిగిన గీత. కింద, ఊపిరి బాగున్నది అని ముద్ర.

"నీకు బాగుందనే ఉందే! మిషను తప్పు చెప్పదే!"

"మిషనుదేం తప్పు లేదులే. ఊదింది మా తమ్ముడు." బసవపున్నయ్య నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. తేరుకుని అన్నాడు. "ఆ రోజు నాకు మంచం దిగటానికి వల్లగాలా. నువ్వేమో మైకులో, పిలిచిన పేరు ఖాళీ పోగూడదు అని ఒకటే కేకలు. మా బ్రహ్మానందం పోయి నా పేరుకి పలికి వచ్చాడు. వాడి ఊపిరంటే ఊపిరి బావా, లారీ టైరుకి నోటితో గాలి కొడతాడు!"

కోటయ్య నవ్వలేదు. కాగితం మళ్లీ అవే మడతల మీద మడిచి, అతని చేతికివ్వకుండా తన చేతిలోనే ఉంచుకున్నాడు.

క్వారీల సంగతి ఎరిగినవాళ్లకి ఇందులో వింత కనపడదు. పొద్దున్నే మేస్త్రీ రాతి అంచున నిలబడి హాజరు పిలుస్తాడు. అతను పిలిచేది పేరుని, మనిషిని కాదు. ఒకడికి జ్వరం వస్తే అన్నో తమ్ముడో బామ్మర్దో పోయి ఆ పేరుకి పలికి, ఆ పేరు మీద సమ్మెట ఎత్తుతాడు. బదులు మనిషి అంటారు. దొంగతనం అనుకోరు. పేరు ఖాళీ పోతే మర్నాడు ఆ చోటు ఇంకొకడిది అవుతుంది. తనవాడి చోటు పోకుండా కాపాడటం వాళ్లలో మర్యాద. ఎవరి బదులు ఎవరు పోయారో పేటలో అందరికీ తెలుసు, మేస్త్రీకీ తెలుసు. తెలియనిది ఆఫీసు కాగితానికే. చిన్నకోటయ్య పదిహేడో ఏట నలభై రోజులు తన తండ్రి పేరుకి పలికాడు. తండ్రి ఇంట్లో మంచం మీద ఎగశ్వాసతో ఉంటే, కొడుకు క్వారీ గట్టు మీద "ఉన్నా" అనేవాడు. తండ్రి పోయిన రోజు కూడా పొద్దున ఆ పేరు హాజరులో ఉంది.

ఇదంతా తెలిసినవాడే. మరి పరీక్షల నాడు శిబిరం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు ఎందుకు తట్టలేదు? అసలు సంగతి అంతకన్నా కష్టమైంది. తట్టకపోవడం కాదు. తన సొంత పేటలో ఒకరిద్దరిని చూశాడు కూడా. అన్న పేరు పిలిస్తే తమ్ముడు లేచి వచ్చాడు. పేరు పలికింది కదా అనుకుని పక్క పేరు పిలిచాడు. ఊపిరికి బదులు మనిషి ఉండడన్న మాట అప్పుడు మనసుకి రాలేదు. ఇప్పుడు ఈ బస్సులో, పక్క మనిషి పక్కటెముకలు తన మోచేతికి తగులుతుంటే వచ్చింది.

గురజాల వచ్చింది, పోయింది.

పల్నాటి రాయి గురించి ఒక మాట చెప్పాలి. పలకలు పలకలుగా లేచే రాయి ఇది. పొడవాటి ఉలి పెట్టి అదను చూసి కొడితే, పుస్తకంలో కాగితంలాగా విడివడి వస్తుంది. కృష్ణ ఒడ్డున పాతకాలపు బౌద్ధులు ఈ జాతి రాతి మీదే పువ్వుల్నీ ఏనుగుల్నీ చెక్కారు. నాగార్జునకొండ లోయ సాగరు నీళ్లలో మునగకముందు తవ్వినవాళ్లు, అక్కడ జ్వరం తగ్గినవాళ్లు కోలుకోవడానికి ఒక శాల ఉండేదని శాసనం చూసి చెప్పారంటారు. పదిహేడు వందల ఏళ్ల కిందటి మాట. ఆ శాలకి రాయి కొట్టినవాడు ఎవరో, వాడు దగ్గితే ఆ శాలలోకి రానిచ్చారో లేదో, శాసనంలో ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు.

ఈ కాలపు శాల నరసరావుపేట బయట వినుకొండ రోడ్డులో మిరప చేల మధ్య మొదలైంది. ఇరవై రెండేళ్ల కిందట అది రేకుల షెడ్డు. ఇరవై మంచాలు, ఒక జనరేటరు, గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ డాక్టర్ ధనుంజయరావు. ఆయన తండ్రి పాముకాటుతో గుంటూరు దాకా చేరలేక సత్తెనపల్లి దగ్గర దారిలోనే పోయాడట. ఇక్కడే ఒక ఆస్పత్రి ఉండాలని ఆయనకి పట్టుదల అలా వచ్చింది. రేకుల షెడ్డు పోయి రెండంతస్తుల ఆస్పత్రి లేచింది. ఆ మేడకి నాపరాళ్లు పరవడానికి వచ్చిన ముఠాలో చిన్నకోటయ్య ఒకడు. అప్పటికి అతనికి నలభై. క్వారీ వదిలి నేల పరిచే పనిలోకి రాబట్టే ఊపిరి మిగిలిందని ఇప్పుడు అనుకుంటాడు. అప్పుడేమీ అనుకోలేదు. నీడలో పని దొరికిందని సంతోషపడ్డాడు, అంతే.

ఆ తర్వాత వచ్చిన ప్రతి మేడా అతని మోకాళ్లకి తెలుసు. నర్సింగు కాలేజీ, మెడికల్ కాలేజీ, రక్తం పరీక్షల ల్యాబులు, పిల్లల వార్డు. శవాల మీద చదువు చెప్పే హాలుకి నేల పరిచినప్పుడు, నీళ్లు ఎటూ నిలవకుండా వాలు ఇచ్చింది అతనే. మొదటి ఏడాది పిల్లలు ఆ హాల్లోకి భయపడుతూ వస్తుంటే గుమ్మం పక్కన నిలబడి, "నేల జారదులే అమ్మా, ధైర్యంగా రండి" అన్నాడట. మోకాళ్లు అరిగాక అటెండరుగా తీసుకున్నారు. నాలుగేళ్ల కిందట కాలేజీ కాస్తా విశ్వవిద్యాలయం అయింది. బోర్డు మారింది, చొక్కాల మీద కుట్టు మారింది. చుట్టుపక్కల ఊళ్లు మాత్రం ఇప్పటికీ పెద్ద కాలేజీ అనే అంటాయి.

విశ్వవిద్యాలయం అంటే రోగులకి మందివ్వడం ఒక్కటే చాలదట. రోగం ఎందుకొస్తుందో వెతకాలి. వాసంతి గారు ఆ పని మీదే వచ్చింది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో పేట పేటకీ తిరిగి చూడాలంది. కారు వేసుకుని పోతే తలుపులు మూసుకున్నారు. ఒకచోట, "మా ఊపిరి మీకెందుకమ్మా, ఉన్నకాడికి మాకే చాలట్లేదు" అని ఒక ముసలమ్మ మొహం మీదే అంది. ఆ సాయంత్రం వాసంతి గారు వరండాలో దిగులుగా కూర్చుంటే టీ తెచ్చిన చిన్నకోటయ్య, "నేను పిలిస్తే వస్తారు మేడమ్, అందరూ మావాళ్లే" అన్నాడు. అలా మొదలైంది. పిలిచాడు, వచ్చారు. ఎవరి బదులు ఎవరు వచ్చారన్నదే ఇప్పటి సంగతి.

నరసరావుపేటలో దిగి, బసవపున్నయ్యని ఆటోలో తీసుకుపోయి, ఛాతీ వార్డులో డాక్టరు ముందు కూర్చోబెట్టాడు. చిన్నవయసు డాక్టరు. చీటీ మీద నంబరు కంప్యూటరులో కొట్టి చూశాడు.

"నీకు ఊపిరి బ్రహ్మాండంగా ఉందయ్యా. బీడీలు తాగుతావా?"

"మానేసి ఆరేళ్లయింది బాబూ."

"తాగినన్నాళ్లు తాగావుగా. దగ్గు మందు రాస్తున్నా. నెల తర్వాత రా."

"బాబూ," అన్నాడు చిన్నకోటయ్య, "ఆ నంబరు పక్కన పెట్టి, మనిషిని చూడండి."

డాక్టరు తలెత్తి చూశాడు. ఎదురుగా ఉన్న మనిషి పెదాలు నల్లగా ఉన్నాయి, కాలర్ ఎముకల వెనక గుంటలు పడి లేస్తున్నాయి. గొట్టం చెవికి పెట్టుకుని వీపు మీద మూడు చోట్ల విన్నాడు. దగ్గు మందు కొట్టేసి, వార్డులో చేర్చమని రాశాడు.

బసవపున్నయ్యని మంచం మీదికి చేర్చి, చిన్నకోటయ్య వాసంతి గారి గది ముందుకి పోయాడు. లోపల ఆమె నవ్వుతూ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. వచ్చే సోమవారం ధనుంజయరావు గారి గదిలోంచి ఢిల్లీ వాళ్లకి ఫలితాలు చెప్పాలి. పల్నాటి క్వారీల్లో అనుకున్నంత జబ్బు లేదని తేలింది. అది చిన్న మాట కాదు. ఆ మాట నిలబడితే కొత్త పరిశోధనా భవనానికి అనుమతి వస్తుంది. ఆ భవనానికి పునాది గుంట తీసి ఆర్నెల్లయింది.

"రండి బాబాయ్, చీటీలన్నీ అందాయా?"

నిలబడే చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. బస్సులో విన్నదీ, తన పేటలో తను చూసి ఊరుకున్నదీ, రెండూ చెప్పాడు. రెండోది చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. చెప్పాడు.

వాసంతి గారు పేర్ల జాబితా ముందుకు లాక్కుంది. "ఆధార్ కార్డులు చూశాం కదా బాబాయ్, ప్రతి ఒక్కళ్లవీ."

"కార్డు మీద ఫోటోలో ఎవురు మాత్రం తనలాగా ఉంటారు మేడమ్? అన్నదమ్ములు ఒకే అచ్చు."

"ఎంతమంది?"

"తెలవదు."

"తెలుసుకోగలరా?"

"నేనే తెలుసుకోవాల."

నాలుగు రోజులు తిరిగాడు. ఈసారి మైకు లేదు, కుర్చీ లేదు. ఇంటింటికీ పోయి గడపలో కూర్చున్నాడు. ఎవరూ దాచలేదు. దాచాల్సిందేమైనా ఉందని వాళ్లకి తోచనే లేదు. బండపాలెంలో బ్రహ్మానందం రాతి మీద నుంచి కిందికి దూకి వచ్చి, ఛాతీ తట్టుకుంటూ చెప్పాడు.

"మా అన్నకొక్కడికేనా బావా? పక్కింటి శివనాగరాజు పేరుకీ నేనే ఊదా. సొక్కా మార్చుకుని పోయా. మీ డాక్టరమ్మ ఎంత మెచ్చుకుందో!"

"నువ్వు మీ అన్నకి మంచి చేశాననుకుంటన్నావురా?"

"కాదా ఏంది? పేరు ఖాళీ పోలేదు గదా!"

"మీ అన్న మంచంలో ఉన్నాడు. నీ ఊపిరి ఆయన పేరు మీద రాసి ఉందని, దగ్గు మందిచ్చి పంపబోయారు."

బ్రహ్మానందం మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. "శివనాగరాజు చచ్చిపోయాడు బావా," అన్నాడు మెల్లగా. "పోయిన కార్తీకంలో. ఆ చీటీ వాళ్లమ్మ దేవుడి పటం ఎనకాల పెట్టుకుంది."

నాలుగో రోజు రాత్రి చిన్నకోటయ్య ఇంటికి పోయి, అన్నం ముందు కూర్చుని తినలేదు. భార్య నాగమల్లేశ్వరి అడిగితే చెప్పాడు. ఆమె పళ్లెం పక్కకి జరిపి, "నీ ఉద్యోగం పోద్ది," అంది. ఆగి, "పోతే పోయిందిలే, రేపు ఆ లెక్కంతా చెప్పు, వాళ్లు దాన్ని అచ్చేయకముందే," అంది.

సోమవారం ధనుంజయరావు గారి గది. పొడవాటి బల్ల, గోడకి తెర, తెర ఇంకా వెలగలేదు. వాసంతి గారి చేతిలో జాబితా. తొంభై మూడు పేర్ల మీద ఎర్ర గీతలు. చిన్నకోటయ్య గీసినవి. వాటిలో పదకొండు పేర్ల పక్కన సున్నా చుట్టి ఉంది. ఆ మనుషులు ఇప్పుడు లేరు.

ధనుంజయరావు గారు జాబితా మొత్తం చూశారు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, మామూలుగా గొంతు ఎత్తరు.

"ఈ తొంభై మూడూ తీసేయండి. మిగతా అయిదు వందల పైచిలుకు సరిగ్గానే ఉన్నాయి కదా?"

"మంచం దిగలేనివాళ్ల బదులే ఎక్కువగా మనుషులొచ్చారు సార్," అంది వాసంతి గారు. "వాళ్లని తీసేస్తే మిగిలేది బాగున్నవాళ్లే. రోగుల్ని బయట పెట్టి, రోగం లేదని చెప్పినట్టవుతుంది."

"ఇరవై రెండేళ్లమ్మా. రేకుల షెడ్డు నుంచి ఇక్కడిదాకా. మొట్టమొదటి పెద్ద పరిశోధన ఇది. వెనక్కి తీసుకుంటే వీళ్లకి మనుషుల్ని గుర్తుపట్టడం కూడా రాదని నవ్వుతారు." ఆయన చిన్నకోటయ్య వైపు తిరిగారు. "ఇది ముందే తెలిసి కూడా ఊరుకున్నావా కోటయ్యా?"

"కొన్ని చూశా సార్. తప్పని తెలవలా."

"ఇప్పుడెలా తెలిసింది?"

"మీరు నాలుగో నంబరు వార్డుకి పోయి, పదకొండో మంచంలో బసవపున్నయ్యని చూడండి సార్. మన కంప్యూటర్లో ఆ మనిషికి ఏ జబ్బూ లేదు. ఈ మాట బయటికి పోతే క్వారీ వాళ్లు దాన్నే పట్టుకుంటారు. పెద్ద కాలేజీ వాళ్లే చెప్పారు, దుమ్ముతో ఏమీ కాదంట అంటారు. ఇక మా పేటల్లో ఎవుడు దగ్గినా బీడీల ఖాతాలోకే పోద్ది."

"నా చేతనే ఆపిస్తావన్న మాట."

"ఆపమని చెప్పేంత వాణ్ణి కాదు. మీ మేడలన్నిటికీ నేల పరిచినోణ్ణి. ఒక్క బండ సరిగా కూర్చోకపోతే పైన ఎంత నున్నగా ఉన్నా నేనే లేపేవాణ్ణి. మళ్లీ పరిచేవాణ్ణి."

ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయారు. కింద పునాది గుంటలో మొన్నటి వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. బల్ల మీద ఫోను మోగి ఆగిపోయింది.

"తెర వెయ్యొద్దు," అన్నారు చివరికి. "ఫలితాలు వెనక్కి తీసుకుంటున్నామని నేనే రాస్తా. మొదటి నుంచి చెయ్యండి, పేరుతో కాదు, మొహంతో, వేలిముద్రతో." తర్వాత చిన్నకోటయ్య వంక చూడకుండా, "రూలు ప్రకారం కోటయ్య ఇక ఈ జట్టులో ఉండటానికి లేదు. ఆస్పత్రి పనిలో ఉండు, అక్కడ నీకు ఢోకా లేదు," అన్నారు.

"అట్టాగే సార్," అన్నాడు చిన్నకోటయ్య.

మర్నాడు పదింటికి పరీక్షలు మళ్లీ మొదలయ్యాయి. ముందు వార్డులో ఉన్నవాళ్లకి. చక్రాల కుర్చీలో బసవపున్నయ్యని తోసుకొచ్చింది చిన్నకోటయ్యే. అది ఆస్పత్రి పనే కాబట్టి ఎవరూ కాదనలేదు. తలుపు దగ్గర కుర్చీని వాసంతి గారి చేతికి అప్పజెప్పి బయట గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

లోపల ఒక అమ్మాయి గొంతు వేలిముద్ర అడిగింది. మొహం ఫోటోతో సరిచూసింది. గొట్టం నోట్లో పెట్టుకోమంది. "గట్టిగా పీల్చండి. ఇప్పుడు ఊదండి, ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా..." ఊదిన చప్పుడు బయటికి వినపడలేదు. దగ్గు వినపడింది. రెండోసారి. మూడోసారి. గొంతు సవరించుకుని బసవపున్నయ్య అడగడం వినపడింది.

"ఎంతొచ్చిందమ్మా?"

"తక్కువ వచ్చింది," వాసంతి గారి గొంతు. "చాలా తక్కువ. దీన్ని బట్టే మందులు మొదలుపెడతాం."

"నా ఊపిరేనా అది?"

"నీదే."

"రాసుకోండి అయితే," అన్నాడు బసవపున్నయ్య.

చిన్నకోటయ్య గోడ మీద నుంచి వీపు తీశాడు. వరండా దాటాడు, మందుల కిటికీ ముందు లైను దాటాడు. లోపలి జాబితాలో బసవపున్నయ్య పోగా ఇంకా తొంభై రెండు పేర్లు ఉన్నాయి. అందులో పదకొండు పోగా మిగతావాళ్లు ఎవరి మంచం మీద వాళ్లు ఉన్నారు. జట్టులో లేనివాడు పరీక్షకి రమ్మని కబురు చెప్పకూడదని రూల్లో లేదు. వెనక నుంచి వాసంతి గారు తలుపు తీసుకుని బయటికి వచ్చి, "బాబాయ్" అని పిలిచింది. మళ్లీ పిలిచింది. అప్పటికి అతను గేటు బయట, మాచర్ల బస్సు వచ్చే వైపు రోడ్డు దాటుతున్నాడు.